ఘనా నానమ్మ తొలి ముద్ద

ఈ ఏడు పెద్దలకి పెట్టడం మానేద్దామా అత్తా అని మా కోడలు పొద్దున్నే అడిగింది, సగం తమిళం, సగం తెలుగు. దీపావళి ముందర రోజు, షాపులో గిరాకీ ఎక్కువ, వంటకి టైం లేదు లా అంది, ఇక్కడందరం మాట చివర తగిలించే లా. ఆ పిల్ల తప్పేటీ లేదు, ఈ మలేసియాలో, మా బంటింగ్ ఊళ్ళో ఇప్పుడు ఎన్ని ఇళ్ళల్లో పెడుతున్నారు గనక. నేను కొబ్బరి కోరుతూనే ఉన్నాను. ఒకప్పుడు మా వెనక గదిలో అద్దెకున్న ఘనా పాస్టరు గుర్తొచ్చినాడు.

పాస్టరంటే అప్పటికింకా పూర్తి పాస్టరు కాదు. బస్సులో క్లాంగ్ పట్నం వెళ్ళి బైబిల్ చదువు చదువుకుంటూ, ఆదివారాలు తనలాటి ఆఫ్రికా కుర్రాళ్ళకి వాక్యం చెప్పేవాడు. ఎంత పొడుగంటే మా వెనక గుమ్మానికి తల కొట్టుకోని రోజు లేదు. మా ఆయనకి కూడా వాక్యం చెప్పబోయినాడు. మా ఆయన ఎవరేం చెప్పినా శ్రద్ధగా విని, ఆఖర్ని ఎస్టేట్ కబుర్లు మొదలెట్టే రకం. పాపం, ఆ కుర్రాడు యేసుప్రభువు గురించి రెండు ముక్కలు చెప్పి, పామాయిల్ గెలలు కోయడం గురించి ఓ పూటంతా వినేవాడు. నన్ను ఆంటీ అనేవాడు, నేను తమ్ముడూ అనేదాన్ని. మా మాటలన్నీ వచ్చీరాని మలాయి భాషలోనూ ఇంగ్లీషులోనూ. ఇక్కడ నా తెలుగులో చెప్తున్నాను.

ఆ ఏడు దీపావళి ముందర సాయంత్రం పోయిన మా మావగారికి ఆకు వేసినాను. ఆయనకిష్టమైనవన్నీ ఉండాలి కదా: సార్డీన్ చేప పులుసు, పరోటాలాటి రొట్టీ చనాయ్, డబ్బా పాలు దిట్టంగా పోసిన టీ, గ్లాసుతో కల్లు, పక్కనో చుట్ట. భక్తి సంగతి ఎలాగున్నా, టీ పల్చనైతే బతికుండగా ఆయన చేసిన రాద్ధాంతం తల్చుకుంటే నాకిప్పటికీ భయమే. పాస్టరు చూస్తే ఏటనుకుంటాడోనని వంటగది తలుపు దగ్గరగా వేసినాను. అతను మంచినీళ్ళకని తోసుకుని వచ్చి, ఆకు చూసి నిలబడిపోయినాడు. ఇంక ప్రసంగం తప్పదనుకున్నాను. "మాం తినే ముందర వాళ్ళకి పెడతాం" అని నసిగినాను. అతను కుర్చీలో కూలబడి ఏడ్చినాడు.

వాళ్ళ నానమ్మ కూడా అంతేనట. తినే ముందర తొలి ముద్ద నేలమీద వేసి, నీళ్ళ చుక్కలు వొంపి, చచ్చిపోయిన మొగుణ్ణీ బిడ్డల్నీ పేరు పెట్టి పిలిచేదట. ఇతను కొత్తగా వాక్యం పట్టుకుని ఊరెళ్ళి, అక్కడెవరూ లేరు, అది పాపం అని చెప్పినాడట. తను పెంచిన మనవడి మాట కాదనలేక మానేసి, బాప్తిస్మం తీసుకుందట. అప్పట్నుంచి ముద్ద చేత్తో పట్టుకుని నేలకేసి చూస్తూ ఉండిపోతుందట. ఈమధ్య మంచం పట్టి, అన్నమే ముట్టట్లేదట. "ప్రభువు గురించి చెప్పడం తప్పు కాదాంటీ. ఆవిణ్ణి తన బిడ్డల పేర్లు పలక్కుండా చేసినాను, అదే తప్పు" అన్నాడు.

నాకేటి తెలుసని? అయినా ఉండబట్టలేక, "ఫోన్ చెయ్యి తమ్ముడూ. నువ్వే మాన్పించినావు, నువ్వే పెట్టుకోమని చెప్పు" అన్నాను.

"పాస్టర్ని కాబోతూ ఏ నోటితో చెప్పనాంటీ?"

"మనవడి నోటితో చెప్పు లా."

అక్కడే, మా మావగారి ఆకు ముందరే కూర్చుని వీడియో ఫోన్ చేసినాడు. మా ఆయన కూడా వచ్చి పక్కన నిలబడినాడు. ఫోన్లో ఎముకలు తేలిన ముసిలి మొహం. వాళ్ళ భాషలో ఇతను చాలాసేపు చెప్పినాడు. ఆవిడ అంతా విని, మెల్లిగా ఏదో అని, మొహం తిప్పేసుకుంది. ఏటందని మా ఆయన అడిగినాడు.

"'ఇన్నేళ్ళు వాళ్ళని పస్తు పెట్టినాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అన్నానికి రమ్మంటాన్రా?' అంది" అన్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకే ఆవిడ పోయింది. ఆఖరిదాకా తన పోయినవాళ్ళనెవర్నీ పేరు పెట్టి పిలవలేదట. ఇతను చదువయ్యేక అదే ఊరెళ్ళి వాక్యం చెప్తున్నాడు. ఏ ఇంటికెళ్ళినా ముందర వాళ్ళ పోయినవాళ్ళ పేర్లు అడిగి, వాళ్ళ కబుర్లన్నీ విని, ఆ తర్వాతే ప్రభువు మాట ఎత్తుతాడట. అతను అలాగ దిద్దుకున్నాడు. నేనెలాగ దిద్దుకోను? ఫోన్ చెయ్యమన్నది నేనే కదా. ఆ ఫోనే లేకపోతే, అది పాపం గనక మానేసినాను అనుకుంటూ ఆవిడ పోయుండేది. ఊరికే పస్తు పెట్టేసినాను అనుకుంటూ పోయింది. ఇప్పుడు మా కోడలికి మానెయ్యమనీ వద్దనీ ఏ నోటితో చెప్పను? ఒకరు నమ్మి బతికేసిన ఏళ్ళని, అది తప్పని తెలిసేక, మళ్ళీ మొదట్నుంచీ బతకమని ఎవరం చెప్పగలం?