అవ్వ గొంతుకు దిగిన తీగ

మా వసంతి వదిన ట్రియోలే నుంచి బాన్ అక్యూయ్‌లోని మా ఇంటికి కోడలుగా వచ్చింది మా దీవిని ఊపేసిన కేరల్ తుఫాను మరుసటి ఏడు. అప్పటికి మా కప్పు మీద కొత్త రేకులు ఇంకా మెరుస్తూనే ఉన్నాయి. వదినకు ఒక అలవాటుండేది. ఏ చప్పుడు విన్నా దాన్ని గొంతులో పట్టి చూసేది. రొట్టెలవాడి సైకిలు హారను, చక్కెర మిల్లు కూత, రేకుల మీద తొలి చినుకులు, ఏదీ వదిలేది కాదు. గిన్నెలు తోముతూ మిల్లు కూతను కూనిరాగంగా తీస్తుంటే మా నాన్నమ్మ ముత్యాలమ్మ, “ఏటే పిల్లా, షిఫ్టు మారిపోనాదా?” అని అడిగేది. నాన్నమ్మను మేమంతా అవ్వ అనేవాళ్ళం.

యుకులేలే, అంటే బుల్లి గిటారు, మా ఇంటికి మార్సెల్ వల్ల వచ్చింది. అతను మిల్లులో మా అన్నతో కలిసి పనిచేసేవాడు, సెలవురోజుల్లో పెళ్ళి బ్యాండులో బాసు వాయించేవాడు. బాసంటే మనిషంత ఎత్తున్న వయొలిన్ లాంటిది. నిలబెట్టి వేళ్ళతో మీటుతారు. ఓడలో పనిచేసిన అతని మేనమామ ఎక్కడి నుంచో తెచ్చిన యుకులేలే వాళ్ళింట్లో ఊరికే పడుంటే, వదిన చెవి సంగతి విని తెచ్చి ఇచ్చాడు. నాలుగు తీగలు, చంటిబిడ్డంత పొడవు.

“ఎవడు నేర్పుతాడయ్యా దీన్ని?” అని అన్న అడిగితే మార్సెల్ మా రేడియో వైపు వేలు చూపించాడు.

రేడియోలో నచ్చిన పాట మళ్ళీ ఎప్పుడు వేస్తారో ఎవరికీ తెలియదు. వదిన మొదటిసారి పల్లవి మాత్రమే పట్టుకునేది. రెండు వారాలకో మూడు వారాలకో అదే పాట మళ్ళీ తగిలితే తరువాతి చరణం. ఒక పాటకైతే ఐదు నెలలు పట్టింది. “పాట ఎక్కడికీ పోదులే, నడుచుకుంటూ వస్తుంది” అనేది. నేను ఫ్లాక్ తపాలా ఆఫీసు నుంచి వచ్చేసరికి వంటింటి గుమ్మంలో కూర్చుని ఒకే ముక్కను ఇరవైసార్లు మీటుతూ ఉండేది. నాకు విసుగు పుట్టేది కాదు. ఇరవై ఒకటోసారి అది కుదిరితే ఆమె ముఖం ఎలా వెలుగుతుందో చూడాలని టీ చల్లారిపోయేదాకా అక్కడే కూర్చునేదాన్ని.

అవ్వ దగ్గర ముప్పైకి పైగా తెలుగు పాటలుండేవి. ఎక్కడా రాసిలేవు. శ్రీరామనవమికి రామభజనంలో దీపస్తంభం చుట్టూ తాళాలు కొడుతూ తిరిగేటప్పుడు ఆవిడ అందుకుంటే తక్కినవాళ్ళు వంత పాడేవాళ్ళు. ఆవిడ నోరు మూసుకుంటే ఆ పాటలు ఆవిడతోనే పోతాయి. ఆ సంగతి మా అందరికీ తెలుసు, పైకి మాత్రం ఎవరూ అనలేదు. వదిన ఒక్కతే అడిగింది.

“అవ్వా, నువ్వు పాడు, నేను వాయిస్తా. అన్నీ నాకు ఇచ్చెయ్.”

“దీన్తోనా? ఇది దోమ పాడినట్టుంటాది.” అని నవ్వింది గానీ మర్నాటి నుంచే తాళాలు పట్టుకుని కూర్చుంది.

ఏడెనిమిది వారాలు బాగానే సాగింది. తరువాత అవ్వ గొంతు చీలడం మొదలైంది. పై స్వరం దగ్గర దగ్గు, చరణం మధ్యలో ఆయాసం. ఒకరోజు పాట సగంలో తాళాలు చాప మీద పెట్టేసింది. “అయిపోనాదే. నా గొంతు అయిపోనాది. ఈ ఏడు నవమికి నన్ను లెక్కలో పెట్టకండి.”

వదిన ఆ రోజు అన్నం సరిగా తినలేదు. తన వాయింపు గట్టిగా ఉండి అవ్వ గొంతును నొక్కేస్తోందేమోనని, వేళ్ళకు గుడ్డపీలిక చుట్టుకుని కూడా వాయించి చూసింది. అవ్వ మళ్ళీ కూర్చోలేదు. రెండు వారాలు ఇంట్లో రేడియో తప్ప పాట లేదు.

ఒక ఆదివారం వదిన యుకులేలే ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుని ఉంది. బియ్యం ఏరుతున్న అవ్వకు జాలేసినట్టుంది. “నా సంగతి వదిలెయ్. నువ్వైనా ఎత్తుకోవే” అంది.

వదిన తలూపి తీగ బిగించే బిరడా తిప్పింది. తీగ టప్పున తెగి ఆమె మణికట్టు మీద కొట్టింది.

“అదేటే? పాడమంటే తెంపుతావేటి?”

“నువ్వే కదా అవ్వా మోంతే అన్నావు!” మా దీవి భాష క్రియోల్‌లో మోంతే అంటే పైకెక్కు.

“మోంతే అన్నదెవరు? ఎత్తుకో అన్నాను.”

“ఎత్తడమంటే మోంతే కాదా?”

అవ్వ చేతిలో చేట ఆగిపోయింది. “పాట ఎత్తుకోడమంటే మొదలెట్టడమే, పిచ్చి మొద్దూ! కుమాన్సే! కుమాన్సే!”

నేను వదిన ముఖం చూశాను, వదిన నా ముఖం చూసింది. ప్రతి పాట ముందూ అవ్వ “ఎత్తుకో” అనేది. ప్రతిసారీ వదిన, అవ్వ శ్రుతి పెంచమంటోందనుకుని, బిరడా పిసరంత బిగించేది. పైగా అవ్వ కోరిన శ్రుతి కదా అని, మళ్ళీ కూర్చునేదాకా ఒక్క తీగనూ సడలనిచ్చేది కాదు. అవ్వ పాపం వాయిద్యం వెంట మెట్టు మెట్టూ ఎక్కుతూ, వయసైపోయిందనుకుంది. పుట్టింట్లో క్రియోల్, పొరుగున భోజ్‌పురి, బడిలో పుస్తకం తెలుగు నేర్చిన వదినకు ఆ మాటకు ఇంకో అర్థం ఎవరు చెప్పారు గనక! విన్న నాకూ తెలియలేదు.

“అంటే నన్ను ఇన్నాళ్ళూ కొబ్బరిచెట్టు ఎక్కించావా?” అని అవ్వ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి ఏరిన బియ్యం ఏరని బియ్యంలో కలిపేసింది.

కానీ అక్కడితో తీరలేదు. కొత్త తీగ కట్టి దించుతూ పోతే, అవ్వ గొంతు నిజంగా హాయిగా ఆడే చోటికి వచ్చేసరికి యుకులేలే తీగలు వదులై గుడగుడలాడాయి. అవ్వ శ్రుతి అంత కింద ఉంది. నవమికి రెండు నెలలే ఉన్నాయి.

అదే వారం మార్సెల్ సెలవు తీసుకోవడానికి వచ్చాడు. మా దీవికి స్వాతంత్ర్యం వస్తోంది, ఆ తరువాత ఎలా ఉంటుందోనని వాళ్ళ కుటుంబమంతా ఓడలో ఆస్ట్రేలియాకు బయలుదేరుతోంది. బాసును తోపుడుబండి మీద తెచ్చి మా వరండాలో నిలబెట్టాడు.

“గ్రామేర్, దీనికి టికెట్టు ఇవ్వరట,” అన్నాడు అవ్వతో. క్రియోల్‌లో గ్రామేర్ అంటే నాన్నమ్మ. “వసంతి దగ్గర ఉంచు.”

అవ్వ ఒక్క స్వరం పాడింది. మార్సెల్ ఆ స్వరం మీద చెవి పెట్టి, బాసు మెడ మీద వేలు జరిపి జరిపి, ఒకచోట ఆపి మీటాడు. వరండా గచ్చు అదిరి ఆ మోత మా అరికాళ్ళకు తెలిసింది. అవ్వ కళ్ళు మూసుకుని, “ఇదీ నా శ్రుతి,” అంది.

బాసు మెడ మీద మెట్లుండవు, స్వరం ఎక్కడుందో చెవే వెతకాలి. వదిన దొరికిన ప్రతిచోటా కుంకుమబొట్టు పెట్టింది. “నా బాసును పెళ్ళికూతుర్ని చేశావు” అని మార్సెల్ పడీపడీ నవ్వాడు. చేతి చెమటకు బొట్లు రోజూ చెరిగేవి, రోజూ పెట్టేది. నెల తిరిగేసరికి పెట్టడం మరిచిపోయింది. వేళ్ళు మాత్రం మరవలేదు.

మార్చిలో కొత్త జెండా ఎగిరింది, ఏప్రిల్‌లో నవమి వచ్చింది. భజన నడిపే కృష్ణస్వామి గారు బాసును చూసి గుడి గుమ్మంలోనే ఆగారు. “ఇది బాల్ డాన్సుల్లో వాయించేది కదమ్మా?”

“దానికి కాళ్ళు లేవు బాబూ, డాన్సు ఎలా చేస్తాది?” అంది అవ్వ. “నా గొంతుకు అదే ఊతకర్ర. అది ఆగితే నేనూ ఆగుతాను.”

ఆయన తప్పుకుని దారిచ్చారు. దీపస్తంభం చుట్టూ జనం తిరుగుతుంటే, వదిన స్తంభం పక్కన బాసును హత్తుకుని నిలబడి, అవ్వ గొంతు కింద ఒక్కో స్వరాన్ని పరుస్తూ పోయింది. అవ్వ ఆ సాయంత్రం ఏడు పాటలు పాడింది. ఒక్కచోటా దగ్గలేదు. వంత పాడే చోట నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున్న అవ్వ వదినను పక్కన కూర్చోబెట్టుకుంది. “ఇంకోటి ఉంది. మా అమ్మ నాకు నీళ్ళు పోస్తూ పాడేది. భజన పాట కాదు కాబట్టి ఎవరికీ ఇవ్వలేదు.” చాలా చిన్న పాట. అందులో రెండు మాటలకు అర్థం అవ్వకే తెలియదు. తెలియనివి తెలియనట్టే వదిన నేర్చుకుంది. నేను కాగితం తెచ్చుకుని, నాకు వచ్చిన తెలుగు అక్షరాలతో, విన్నది విన్నట్టు రాసుకున్నాను.

ఆ రోజు తపాలా ఆఫీసుకు గంట ఆలస్యంగా వెళ్ళాను. బస్సు తప్పిపోయిందని చెప్పాను.