కూర్చున్న గూడబాతు

నేను చేసిన పనికి మా తోడికోడలు సుభద్ర మాట పడింది. ఆ బరువు ఇన్నేళ్లుగా మోస్తున్నాను. మోస్తూనే కడుపునిండా తిన్నాను, పకపకా నవ్వాను. అదీ చెప్పాలి. మీరెవరో నాకు తెలియదు కనుక మీకు చెప్పడం తేలిక.

మాది ఏలూరులో తివాచీలు నేసే ఇల్లు. ఒకే మగ్గం మీద పక్కపక్కనే కూర్చుని చెరో సగం నేసేవాళ్లం. ఉన్ని ముళ్లు ఒక వరస వేయగానే ఇనుప దువ్వెనతో కొట్టి బిగించాలి. ఇద్దరి దెబ్బా ఒకేలా పడాలి; గట్టిగా పడితే వరసలు అణిగి బొమ్మ పొట్టిదవుతుంది, వదులైతే పొడుగవుతుంది. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో కొల్లేటి గూడబాతుల జంటను నేస్తున్నాం. ఆమెదొకటి, నాదొకటి. ఓ రోజు మావయ్యగారు ఆగి చూసి, "సుభద్ర పక్షికి ప్రాణం వచ్చేసిందే!" అన్నారు. నా పక్షి వైపు చూడనైనా లేదు. నాకు ఒళ్లు మండింది. ఆ మంటంతా దువ్వెన మీద చూపించాను. నేసిన భాగం కిందికి చుట్టుకుపోతుంది కనుక మగ్గం దించేదాకా ఎవరికీ తెలియలేదు. దించి పరిస్తే ఆమె పక్షి ఠీవిగా నిలబడి ఉంది. నాది చతికిలబడింది.

పొడుగైన వైపే దెబ్బ చాలలేదని మావయ్యగారు అనుకున్నారు. "సుభద్ర చెయ్యి వదులు" అని తేల్చి, ఆమెను మగ్గం దింపి ఉన్ని చుట్టే పనికి మార్చేశారు. నేను నోరు మెదపలేదు. భయమా? కాదు. లోపల కాస్త సంతోషించాను కూడా. రాస్తుంటే సిగ్గేస్తోంది.

కొన్నాళ్లకు మా నేతవాళ్ల పనితనం చూపిస్తామని ఊళ్లో చిన్న మ్యూజియం పెట్టారు. తివాచీలు ఏరడానికి వచ్చిన ఆఫీసరు సరిగ్గా ఆ గూడబాతుల జంటనే పట్టుకున్నాడు, నా పక్షిని చూపిస్తూ అడిగాడు.

"ఇదెందుకండీ కూర్చుంది?"

నా నోరు ఊరుకుంటుందా! "మా పెద్దల ఆచారమండీ. ఒకటి గుడ్లు పొదుగుతుంది, ఒకటి కాపలా కాస్తుందండీ" అనేశాను. ఆయన పొంగిపోయి, ఒక అట్ట మీద అదే రాయించి పక్కన తగిలించాడు.

మ్యూజియం తెరిచిన రోజు మా వీధి వీధంతా కొత్త బట్టలు కట్టుకుని వెళ్లింది. జనమంతా ఆ జంట ముందే. తాడేపల్లిగూడెం నుంచి వచ్చినాయన అలాంటిదే కావాలన్నాడు. "ఒకటి కూర్చోవాలి సుమండీ!" అని మరీ మరీ చెప్పాడు. మావయ్యగారు మీసం దువ్వుకుంటూ, మా తాతలనాటి ఆచారమని కనబడినవాళ్లందరికీ చెప్పడం మొదలుపెట్టారు. నవ్వాపుకోలేక చచ్చాను. ఆ ఊపులోనే సుభద్రను మళ్లీ మగ్గం ఎక్కమన్నారు.

సుభద్ర నన్ను పక్కకు లాగింది. కళ్లలో నీళ్లు, ముఖం నిండా నవ్వు.

"నా వదులు చేతిని ఇంతమందిలో కాపాడారండీ అక్కయ్యా. మీ మేలు మర్చిపోలేనండీ."

అప్పుడైనా చెప్పొచ్చు. "ఊరుకోవే పిచ్చిదానా" అన్నాను. ఆమె సంతోషం చెడగొట్టకూడదని ఆగానా, నా పరువు పోతుందని ఆగానా? మొదటిదేనని చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను. రెండోదే.

ఆ తర్వాత మేమిద్దరం కబుర్లు చెప్పుకుంటూ ఎన్ని తివాచీలు నేశామో! అంత సుఖంగా ఎన్నడూ లేను. ఇప్పటికీ ఆమె ఆడపిల్లలకు పని నేర్పుతూ, "నాలాగా వదులుగా కొట్టకండమ్మా" అంటుంది. పక్కనే కూర్చుని వింటుంటాను.

ఆమె చెయ్యి ఏనాడూ వదులు కాదు. కసికొద్దీ కొట్టింది నేను. ఆమెకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. మీతో అనగలిగాను, ఈ పూటకు ఊపిరి తేలిగ్గా ఆడుతోంది.