ఆగు మేస్త్రి

ఇంత లోతైన రేవు ఇంకెవరికీ లేదని ఊళ్లో అందరూ గొప్పలు చెప్పుకుంటారు. నిజమే, ఎంత పెద్ద ఓడైనా వచ్చి గట్టుకు ఆనుకుంటుంది, దాని పుణ్యాన సగం ఊరి పొయ్యి వెలుగుతుంది. ఆ ఓడ కడుపులోకి దిగే మనుషులెవరో మాత్రం ఒక్కడికీ పట్టదు.

మేస్త్రి ముప్పై ఏళ్లుగా దిగుతున్నాడు. ఏ ఓడ తెరిచినా ముందు ఆయన నోట వచ్చే మాట ‘ఆగు’. అందుకే కూలీలు వెనకాల ‘ఆగు మేస్త్రి’ అని నవ్వుకునేవారు. దుంగల ఓడంటే ఆయనకు మరీ చాదస్తం. మూసిన గదిలో పడున్న పచ్చి దుంగలు గాలిలోని ఆక్సిజన్ అంతా తినేస్తాయి. వాసనుండదు, రంగుండదు. గాలి కొలిచే మీటరు దించి చూడందే ఎవర్నీ మెట్ల మీద కాలు పెట్టనిచ్చేవాడు కాదు. వయసులో ఉండగా, పడినవాణ్ణి తెద్దామని ఒకరి వెనక ఒకరు దిగిన ముగ్గురి శవాలనూ మోసినవాడాయన.

ఆ ఉదయం దుంగల ఓడ మీదికి మీటరు ఇంకా రాలేదు. ముఠాలోనే పనిచేసే బామ్మర్ది, భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు, రాత్రంతా మూసి ఉన్న మెట్లదారి మూత తీశాడు.

“నిన్నంతా ఇందులోనే పనిచేశాం కదా బావా, ఏమవుతుంది! కిందే వదిలేసిన గొలుసు తెచ్చేస్తా” అంటూనే దిగాడు. మేస్త్రి అటు తిరిగేలోగా పది మెట్లు దిగి, చేతులు వదిలేసి, కింద పడ్డాడు.

ముఠా అంతా ఒక్క ఉదుటున పరిగెత్తుకొచ్చింది. మేస్త్రి ఆ కన్నానికి అడ్డంగా బోర్లా పడుకున్నాడు.

“లే మేస్త్రీ! నీ ఇంటి మనిషేగా!”

“నన్ను తొక్కుకుంటూ దిగండి. నేను లేవను.”

కింద బామ్మర్ది వేళ్లు కదలడం ఆయనకు కనిపిస్తూనే ఉంది. గాలి సిలిండర్లవాళ్లు వచ్చేసరికి పావుగంట పట్టింది. అప్పటికి ఆ వేళ్లు కదలడం మానేశాయి.

ముఠాలో మిగతావాళ్లంతా ఆ పూట క్షేమంగా ఇళ్లకు చేరారు. బామ్మర్ది పిల్లలు వచ్చి చేరిన మేస్త్రి ఇంట్లో మాత్రం నెల రోజులు ఆలుమగల మధ్య మాటల్లేవు. ఓ సాయంత్రం భార్యే నోరు విప్పింది.

“వాడి వేళ్లు కదిలాయటగా?”

“కదిలాయి.”

“అక్కడ నేను పడున్నా అట్లాగే చేసేవాడివా?”

లేదని ఒక్క మాటంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

“అట్లాగే” అన్నాడు.

ఆమె పక్కగది వైపు చెయ్యి చూపింది.

“అయితే వాడి పిల్లలకు ఆ సంగతి నువ్వే చెప్పు. నాన్నను ఎవరూ ఎందుకు తేలేదని రోజూ నన్నడుగుతున్నారు.”

పిల్లలు పక్కగదిలోనే ఉన్నారు. మేస్త్రి లేచి వెళ్లాడు.