టోపీ లేనివాడి ఇంగ్లీషు

ఆ రోజుల్లో నాకు ఇంగ్లీషు రాదని ఎవరైనా అంటే కొట్లాటకు పోయేవాణ్ణి. వచ్చునని అన్నవాళ్లు మాత్రం ఎవరూ లేరు. అత్తిమంజేరిపేట నుంచి వచ్చి, తిరువళ్లూరులో ఒక స్పేర్ పార్టుల కంపెనీ ఆఫీసులో ప్రొబేషన్ మీద చేరాను. మా వంశంలో తలకు తువ్వాలు తప్ప ఇంకేదీ చుట్టినవాడు లేడు. అయినా టోపీల మీదున్న ఇంగ్లీషు నుడికారాలన్నీ సెల్‌ఫోన్‌లో చూసి బట్టీపట్టి, మెయిల్‌కొకటి వడ్డించేవాణ్ణి. లారీ డ్రైవరు వేళకు వస్తే 'హ్యాట్స్ ఆఫ్'. టీ అనగానే సీట్లోంచి లేచి పరిగెత్తేవాళ్ల మీద ఫిర్యాదుకు 'ఎట్ ది డ్రాప్ ఆఫ్ ఎ హ్యాట్'. (ఒక్క తప్పూ ఉండేది కాదు, నా పొగరంతా అదే.)

ఒకసారి, హోసూరు సరుకు శుక్రవారానికి వస్తుందని మేనేజరు అందరికీ మెయిల్ పెట్టాడు. వస్తే 'ఐ విల్ ఈట్ మై హ్యాట్' అని అందరూ చూసేలా జవాబిచ్చాను. జరగనే జరగదని చెప్పడానికి ఇంగ్లీషువాడు అలా టోపీ తింటానంటాడు. సరుకు గురువారమే వచ్చి గేటు ముందు నిలబడింది.

నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం ముందు పెట్టుకుని, సంతకం చేయకుండా మేనేజరు నన్ను పిలిచాడు.

"టోపీ యాడ?"

"అది మాటవరసకు సార్."

తిరుత్తణి నుంచి రోజూ రైల్లో వచ్చే స్టోర్‌కీపరు, మేమంతా మామ అని పిలిచేవాడు, పక్కనే ఉన్నాడు. "మాటవరస ఏందిరా? ఇది జరిగితే అది చేస్తానని రాసిచ్చినావు. మా ఊర్లో దాన్ని మొక్కంటారు. మొక్కు ఎగ్గొట్టినోడికి సంతకం పెడితే మురుగన్ ఊరుకుంటాడా సార్?"

"టోపీ తినలేడు గదా మామా?"

"టోపీ లేకుంటే పోయె, తల ఉండాది గదా. జుట్టిచ్చేస్తాడు."

ఆదివారం తిరుత్తణి మురుగన్ కొండమీద, నూనె పెట్టి రెండేళ్లు సాకిన నా క్రాపు రెండు నిమిషాల్లో రాలిపోయింది. మామ దగ్గరుండి మరీ చేయించాడు. ఎండకు గుండు మాడుతుంటే మెట్ల దగ్గర అంగట్లో తెల్లటోపీ కొన్నాను. అన్ని టోపీల గురించి రాసినవాడి నెత్తికి మొదటిసారి ఎక్కిన టోపీ అదే. సోమవారం మేనేజరు దాన్ని తీయించి, గుండు చూసి, సంతకం పెట్టాడు.

ఇప్పుడు మెయిళ్లలో 'ఓకే సార్' దాటి ఒక్క ముక్క రాయను. ఏ మొక్కూ లేకుండానే జుట్టు పోతోంది. ఆ పొగరుబోతును తలుచుకుంటే నవ్వొస్తుంది. వాడి ఇంగ్లీషు నాకొద్దు గానీ, ఆ క్రాపు మాత్రం తిరిగిస్తే బాగుండును.