చిన్నాయన చూసిన లోపలి తోట

మా బాపు తమ్ముడు, మా చిన్నాయన పోయాడన్న కబురు నకిరేకల్ బస్టాండులో ఉండగా వచ్చింది. "పొద్దున చాయ్ తెచ్చి లేపిన బిడ్డా, లెవ్వలే," అంది చిన్నమ్మ ఫోన్‌లో. ఎదురుగా బస్సొకటి కదిలి వెళ్లిపోయింది. నేనెక్కాల్సింది అదేనని చాలాసేపటికి గానీ తెలియలేదు.

ఆయన కల్లు గీత కార్మికుడు. తెలంగాణ వచ్చిన ఏడాది, వానకు నానిన తాటిచెట్టు మీంచి జారిపడ్డాడు. వెన్నుపూస దెబ్బతిని నడుము కింద స్పర్శ పోయింది. మూత్రం వచ్చేదీ తెలియదు, ఆపుకోవడమూ చేతకాదు. సంచీకి కలిపిన సన్నటి గొట్టమే ఆధారం. ఆ సంచీని లుంగీ మడతలో దాచుకుని, వాకిట్లో చక్రాల కుర్చీలో కూర్చుని, వచ్చేపోయేవాళ్లను పేరుపెట్టి పలకరించేవాడు. తాటివనం వైపు మాత్రం కుర్చీ తిప్పనిచ్చేవాడు కాదు. "కలల రోజూ ఎక్కుతనే ఉన్న. గది చాలు," అనేవాడు.

కొన్నేళ్లకు సంచీలో నెత్తురు కనబడింది. నల్గొండలో స్కానింగ్ తీసి, మూత్రాశయంలో కంతి ఉంది, హైదరాబాద్ తీసుకెళ్లమన్నారు. చిన్నాయన మొండికేశాడు.

"క్యాన్సరే అది. ఇంక నన్నెందుకు తిప్పుతరు?"

"డాక్టర్ చెప్పకముందే నువ్వే చెప్తున్నవా? చెయ్యి ఇటియ్యి, అంగీ తొడుగుత," అంది చిన్నమ్మ.

హైదరాబాద్ దవాఖానలో సన్నటి కెమెరా లోపలికి పంపారు. నొప్పి తెలియదు కనుక ఆయన మెలకువగానే తెర వంక చూస్తున్నాడు. పక్కన నేనున్నాను. నీళ్లు నిండిన గులాబీరంగు గుహ. ఒక మూల చిన్నచిన్న రెమ్మలు, మెల్లగా ఊగుతున్నాయి. చిన్నాయన ముఖంలో భయం కరిగిపోయింది.

"అమ్మో, నా కడుపుల గింత జాగ ఉన్నదా! గా తోట ఎవలు పెట్టిండ్రు మేడం?"

డాక్టరమ్మ నవ్వింది. ఆ రెమ్మలను గీకి తీసి పరీక్షకు పంపింది.

ఫలితం కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో, ఒక సాయంత్రం తనంతట తానే, "బిడ్డా, నన్ను జర వనంలకు తోల్కపో," అన్నాడు. చెట్ల కింద చాప పరిచి పడుకోబెట్టాం. పైన ఎండుమట్టలు గలగలమంటున్నాయి. "ఎక్కుడే గాని, ఎన్నడు గిట్ల పండుకొని చూడలే," అన్నాడు, కళ్లు సగం మూసి. నేనూ పక్కనే వెల్లకిలా పడుకున్నాను. చెట్లు నిలిచి ఆకాశమే ఊగుతున్నట్టనిపించింది నాకు.

అది క్యాన్సర్ కాదు. ఏళ్లతరబడి గొట్టం ఒరుసుకుని, మాటిమాటికీ ఇన్‌ఫెక్షన్ వచ్చి, లోపలి పొర అలా పెరిగిందట. మళ్లీ రావచ్చు, అప్పుడప్పుడూ చూపించుకోమన్నారు. చిన్నమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. చిన్నాయన ఆమె తల నిమిరాడు.

"ఫికర్ ఎందుకే? మళ్ల మొలిస్తే మళ్ల చూసొద్దాం."

మళ్లీ ఒకసారి మొలిచింది కూడా. తీసేశారు. చివరికి ఆయన్ను తీసుకుపోయింది అది కాదు, గుండె. భయపడాల్సిన దాన్ని కూడా అంత అబ్బురంగా చూడొచ్చని నాకు నేర్పింది మాత్రం ఆయనే.

అంత్యక్రియల రోజు ఆయన మీది గౌరవంతో ఊళ్లో ఎవరూ చెట్టెక్కలేదు. దింపేవాళ్లు లేక చెట్లకు కట్టిన కల్లు లొట్లు నిండి పొంగాయి. వనం పక్కనుంచి పాడె వెళుతుంటే, చెట్టు చెట్టు నుంచీ తెల్లటి చుక్కలు ఎండలో మెరుస్తూ రాలుతున్నాయి. వాటి చుట్టూ తేనెటీగలు.