ఊరికే దొరికిన పాత పేజీలు

మా పాపకి ఏడాదిన్నర. మూడు వారాల కిందట జ్వరంలో ఫిట్స్ వచ్చింది. రెండు నిమిషాలు కూడా లేదు. ఎమర్జెన్సీలో చూసినవాళ్లు, ఈ వయసులో చాలామందికి వస్తుంది, పెద్దయ్యేకొద్దీ పోతుంది అని చెప్పి పంపేశారు. అప్పటినుంచి దాని ఊపిరి వింటూ కూర్చోవడమే నా పని.

సరిగ్గా అప్పుడే ఈ దేశంలో పనిచెయ్యడానికి నాకు వర్క్ పర్మిట్ వచ్చింది. బయోకెమిస్ట్రీ చదివిన ఆరేళ్లకి, మేముండే ప్లెయిన్స్‌బరో దగ్గర్లోనే ఒక ల్యాబ్‌లో ఉద్యోగం. వెళ్లాలంటే పాపని డేకేర్‌లో వదలాలి. వదలగలనా అన్నదే నాకు తేలలేదు.

చదువుకున్నదాన్ని కదా, ఒకరి మాట మీద ఊరుకోలేక జర్నల్స్ వెతికాను. కొత్త వ్యాసం ఏది తెరిచినా నాలుగు లైన్లు చూపించి డబ్బు కట్టమంటుంది. పాతవి మాత్రం స్కాన్ చేసి అందరికీ ఊరికే పెట్టారు. వందేళ్ల కిందటివి, అంతకంటే పాతవి. పాప నిద్రపోయాక అవే చదివేదాన్ని. ఆ డాక్టర్లు మంచం పక్కనే కూర్చుని రాసినట్టుండేది. ఏ చెయ్యి ముందు కొట్టుకుంది, పెదవులు ఏ రంగుకి తిరిగాయి, తల్లి ఏమంది. నేను చూసిందంతా అందులో ఉంది. నన్ను గబగబా పంపేసినవాళ్లకంటే వాళ్లనే ఎక్కువ నమ్మాను. చాలా కేసుల చివర పిల్లలు చనిపోయారు.

శుక్రవారం డేకేర్ ఫారం మీద సంతకానికి పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్తూ, వాటిని ప్రింట్ తీసి పట్టుకెళ్లాను.

"థీసిస్ సబ్మిట్ చేస్తున్నావా?" అన్నాడు మా ఆయన కార్‌లో.

డాక్టర్ గుంటూరు వైపావిడ, ఎప్పుడో వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. మొదటి పేజీ చూసి కళ్లజోడు పైకి తోసుకున్నారు.

"ఇదెప్పటిదమ్మా? అప్పటికి మా అమ్మమ్మ కూడా పుట్టలేదు."

"కొత్తవన్నీ డబ్బులడుగుతున్నాయి మేడమ్."

"అందుకని ఫ్రీగా దొరికినవాటితో భయపడ్డావా! అప్పటికి యాంటీబయాటిక్సే లేవు తల్లీ. ఆ పిల్లల్ని తీసుకుపోయింది చాలావరకు ఫిట్స్ కాదు, జ్వరం వెనకున్న జబ్బు. దానికి అప్పుడు మందు లేదు. బయోకెమిస్ట్రీ చదివినదానివి, నీకు నేను చెప్పాలా?"

సిగ్గేసింది. సంవత్సరం చూడక కాదు, ప్రతి పేజీ మీదా ఉంది. చూస్తూనే చదివాను.

"రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నావు?" అడిగారావిడ.

మా ఆయన చెప్పబోతే మోచేత్తో పొడిచాను. ఆవిడ ఫారం మీద సంతకం పెట్టి, మళ్లీ ఫిట్స్ వస్తే పాపని ఎలా పడుకోబెట్టాలో, ఎప్పుడు అంబులెన్స్ పిలవాలో డేకేర్ వాళ్ల కోసం వెనక రాసిచ్చారు. అంతా కలిపి సగం పేజీ.

రేపు సోమవారం. వెళ్తున్నాను. భయం పోయిందని కాదు, ఆ భయాన్ని రోజంతా పక్కన కూర్చోబెట్టుకునే ఓపిక అయిపోయింది. డేకేర్ వాళ్లు ప్రతి వస్తువు మీదా పాప పేరు రాయమన్నారు. బట్టల మీద రాసేశాను. పాల సీసాలు ఇంకా మిగిలాయి.