వదిన యాంప్లిఫయరూ, నా మూడు పళ్ళూ

మా వదిన పాతికేళ్ళుగా వంటింటి పక్క గదిలో యాంప్లిఫయర్లు చేస్తోంది. కాలిపోయిన ట్రాన్సిస్టర్లని పారెయ్యదు. బిస్కెట్ల డబ్బాలో పోసి, "ఇవి నా గురువులు మరిదీ" అంటుంది.

ఈమధ్య పళ్ళ డాక్టరు ఆ డబ్బా నింపే పని అప్పగించాడు. కట్టుడుపళ్ళు శుభ్రం చేసే నీళ్ళతొట్టి. దాని అడుగున అతికించిన బిళ్ళలు చెవికి అందనంత వేగంగా అదిరి మురికి వదలగొడతాయి. వాటిని అదిరించే యాంప్లిఫయరు వదిన చెయ్యాలి. రెండుసార్లు చేసింది. ఇంట్లో పూటంతా నడిచింది, ఆస్పత్రిలో అయిదు నిమిషాలకే పొగ.

"ఈసారీ పొగొస్తే ఇంకొకళ్ళని చూసుకుంటానమ్మా. రేపు అయిదింటికి తీసుకురండి" అన్నాడు డాక్టరు.

మర్నాడు నేనూ మా ఆవిడా వాళ్ళింటికి వెళ్ళేసరికి వదిన మొహం వెలిగిపోతోంది.

"ఇంట్లో ఉత్త నీళ్ళతో చూశాను మరిదీ, అదే నా తెలివితక్కువ! వస్తువు వేసినా తీసినా ఇంపీడెన్సు మారిపోతోంది. అంటే, కరెంటుకి ఎదురు నిలిచే గుణం. అది తగ్గగానే కరెంటు ఎగబడి ట్రాన్సిస్టర్లని కాల్చేస్తోంది. ఇప్పుడు కరెంటు పెరగ్గానే యాంప్లిఫయరు కాస్త తగ్గి, సర్దుకుని, మళ్ళీ అందుకుంటుంది. మీ ఆవిడ గొంతు పెంచితే నువ్వు చేసేదే!"

తొట్టిలో తాళంచెవులు వేసింది, గరిటె వేసింది, మా ఆవిడ గాజులు వేసింది. మీటరు ముల్లు ఎగిరి దిగింది. పొగ లేదు. అయినా వదిన నిట్టూర్చింది. "అక్కడ వేసేవి కట్టుడుపళ్ళు. వాటితో చూడకుండా ఏ ధైర్యంతో వెళ్ళను? ఇప్పుడే నాలుగయింది. ఎవరిని అడగను?"

నా ముందుపళ్ళు మూడూ కట్టుడుపళ్ళేనని ఆరేళ్ళుగా మా ఆవిడకి కూడా తెలీదు. వదిన మళ్ళీ గడియారం చూసింది. గోడవైపు తిరిగాను. మళ్ళీ ఇటు తిరిగి చెయ్యి చాపాను.

"ఇవి పనికొథ్థాయా వదినా?"

"ఏమండీ!" అంది మా ఆవిడ. "రోజూ స్నానాలగది గడియేసుకుని అందం చూసుకుంటున్నారనుకున్నాను!"

వదిన నవ్వలేక స్టూలు మీద కూలబడింది. తర్వాత పళ్ళు వేసింది, తీసింది, మళ్ళీ వేసింది. పన్నెండుసార్లు. ముల్లు ప్రతిసారీ ఎగిరింది, బుద్ధిగా దిగింది.

ఆస్పత్రిలో డాక్టరు బుట్ట నిండా పళ్ళసెట్లు వేసి గంటసేపు పొగకోసం ఎదురుచూశాడు. రాలేదు. ఇంకో రెండు తొట్లకి చెయ్యమన్నాడు. వదిన డాక్టరు ముందే నన్ను వాటేసుకుంది.

ఆయన నావైపు ముచ్చటగా చూశాడు. "మీ ముందుపళ్ళు భలే తళతళలాడుతున్నాయండీ! ఏం వాడతారు?"

"వాళ్ళ వదినని" అనేసింది మా ఆవిడ.